అలకపువ్వు సాక్ష్యం

"చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. పెట్టె మూత నేనే తీస్తాను, నేనే వేస్తాను. ఆ కెమెరా బయట కానిస్టేబుల్‌కి ఇచ్చి రండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఇచ్చి వచ్చాను. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం జీవితం గడిపాను. గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుని మిగతా సగం గడుపుతున్నాను. నా ఆఖరి తమ్ముడి ఈడువాడి ముందు బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడటం నాకేమీ సరదా కాదు. కానీ రేపు పొద్దున కోర్టులో చార్జిషీటు పడుతుంది. అది పడితే, నా పక్కన పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డ ఈ అమ్మాయి భర్త సొంత అక్కని కొండ మీంచి తోసి చంపినవాడవుతాడు. కోపం తరవాత చూసుకోవచ్చు.

ఆ అక్క కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఊరి చివర ఉన్న రాతికొండ నెత్తిన ఒక చిన్న పువ్వు పూస్తుంది. అక్కడ తప్ప భూమ్మీద ఇంకెక్కడా పూయదు. దాని కోసం ఆవిడ ఆ కొండని క్వారీకి ఇవ్వొద్దని కొట్లాడుతోంది. తమ్ముడు అదే క్వారీలో లారీ డ్రైవరు. ఆ రోజు పొద్దున తమ్ముడు కొండెక్కి, నా నోటి దగ్గరి కూడు తీస్తావా అని అక్క మీద అరిచాడు. గొర్రెలు మేపుకునేవాడు విన్నాడు. కాసేపటికి తమ్ముడు ఒక్కడే దిగాడు. సాయంత్రం నుంచి ముసురు పట్టింది. రెండు రోజులకి ముసురు విడిచాక అక్క శవం కొండ కింద బండల మధ్య కనిపించింది. నీళ్ళలో నానిన ఆ ఒంటిని చూసి, పోయింది ఆ రోజే కానీ పొద్దునో మధ్యాహ్నమో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆయన చెప్పలేనిది ఇన్‌స్పెక్టర్ చెప్పేశాడు. పొద్దునేనట.

మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా తమ్ముడు లారీ దిగలేదు. చూసినవాళ్ళు క్వారీ నిండా ఉన్నారు. అంటే, ఆవిడ మధ్యాహ్నం దాకా బతికే ఉందని ఒక్క ముక్క రుజువైతే చాలు, ఈ కుర్రాడు ఇంటికొస్తాడు. ఆ ఒక్క ముక్క కోసమే నేను వారం రోజులుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. దొరకలేదు. ఇక మిగిలింది ఈ రేకు పెట్టె.

"కొండ మీద రాతి చూరు కింద దొరికింది. ఇంకా ఎవరూ తెరవలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మూత తీస్తూ. "అయినా ఇందులో ఏముంటుంది మేడం గారూ? గడ్డీ గాదం."

పెట్టెలో నీళ్ళ సీసా, భూతద్దం, సగం అరిగిన పెన్సిలు, వాటి కింద రెండు చెక్కల మధ్య పటకాలతో బిగించిన కాగితాల కట్ట ఉన్నాయి.

"తాపీ లేదే" అంది ఆ అమ్మాయి.

"ఏ తాపీ?"

"మొక్కలు తవ్వడానికి వదిన దగ్గర చిన్న తాపీ ఉండేది. పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంటుంది. అది లేకుండా కొండెక్కదు."

"ఎక్కడో పడిపోయి ఉంటుంది" అని ఇన్‌స్పెక్టర్ పటకాలు విప్పాడు. పటకాల తోలు మీద తెల్లగా బూజు పట్టింది. పెట్టె మూలల్లో ముక్కిన వాసన. కానీ లోపల తడి పీల్చే అద్దుడు కాగితాలు మాత్రం అప్పుడే కాల్చిన అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. ఇది నాకు వింతగా తోచింది.

ఆఖరి కాగితం కింద మొక్క ఉంది. వేలెడు కూడా లేదు. లావుపాటి చిట్టి ఆకులు, సన్నని కాడ, కాడ చివర బొటనవేలి గోరంత నీలం పువ్వు. రేకులన్నీ బార్లా తెరుచుకుని, మధ్యలో పసుపు చుక్కతో సహా, రంగు పిసరంత తగ్గకుండా ఉంది. కాడకి కట్టిన అట్టముక్క మీద ఆవిడ చేతిరాతతో తేదీ ఉంది. చనిపోయిన రోజు తేదీయే.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "విప్పుకుంది" అంది. నా వైపు తిరిగి మళ్ళీ అంది, "అక్కా, విప్పుకుని ఉంది!"

"ఉంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇది అలకపువ్వు సార్. వదిన పెట్టిన పేరు. పొద్దునంతా ముడుచుకునే ఉంటుంది. ఎండ నెత్తి మీంచి దిగి పడమటికి వాలాక కాసేపు విప్పుకుంటుంది, అంతే. మబ్బు పడితే ఆ కాసేపూ లేదు. ముడుచుకున్నదాన్ని కోస్తే ముడుచుకునే ఎండిపోతుంది."

"నీకెలా తెలుసు? నువ్వూ లెక్చరరువా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "నన్నే అలకపువ్వు అనేది వదిన. నాకు పొద్దున్నే మాట్లాడటం ఇష్టం ఉండదు. ముఖం ముడుచుకుని పని చేసుకుంటాను. 'ఏమే అలకపువ్వూ, మధ్యాహ్నం దాటితే గానీ ముఖం విప్పవా? నా కొండ మీద నీ తోబుట్టువులు బోలెడు మంది ఉన్నారు' అని ఏడిపించేది."

ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"బాగుంది మేడం గారూ! వదినా మరదళ్ళ పరాచికాలు చార్జిషీటులో రాసుకోమంటారా? 'అయ్యా, ముద్దాయి భార్యకి అలక ఎక్కువ గనక ముద్దాయి నిర్దోషి' అని?"

"పువ్వు మధ్యాహ్నం విప్పుకుంటుంది. విప్పుకున్న పువ్వుని ఆవిడ కోసింది. తేదీ వేసింది. అంటే మధ్యాహ్నం ఆవిడ బతికే ఉంది. ఇందులో మీకు అర్థం కానిదేమిటి?"

"మధ్యాహ్నమే విప్పుకుంటుందని ఎవరన్నారు? ఈవిడ. ఈవిడ ఎవరు? ముద్దాయి భార్య. అది చాలదు. చదువుకున్న నిపుణుడెవరైనా కాగితం మీద రాసివ్వాలి."

"అయితే నిపుణుడికే పంపండి!" నా గొంతు స్టేషనంతా వినబడి ఉంటుంది. "ఈ రోజే పంపండి. పంపకుండా చార్జిషీటు వేశారా, రేపు మేజిస్ట్రేటు ముందు ఈ పెట్టె సంగతి నేనే ఎత్తుతాను. చేతిలో సాక్ష్యం పెట్టుకుని నిద్రపోయిన ఇన్‌స్పెక్టర్ అని పేపర్లో కూడా వేయిస్తాను."

వాడి ముఖం ఎర్రబడింది. చెడ్డవాడని చెప్పను. ఒకసారి ఒక దారి పట్టాక వెనక్కి తిరగడం నామోషీ అనుకునే రకం. పటకాలు మళ్ళీ బిగించి, లక్క సీలు తెమ్మని కేకేశాడు.

"పంపుతాను. మీరు అడిగారనే పంపుతాను, ఇది గుర్తుపెట్టుకోండి. ఆ వచ్చిన కాగితంలో ఏముంటే అదే. తరవాత మీ నోరు లేవకూడదు."

"లేవదు" అన్నాను. గెలిచాననుకున్నాను. వారం రోజుల్లో మొదటిసారి నాకు ఊపిరి ఆడింది.

ఊరికే కూర్చోలేక, బతికున్న పువ్వుని ఒక్కసారి కళ్ళారా చూద్దామని ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని కొండకి బయలుదేరాను. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. వాటిని అడిగి ఏ పనీ చేయడం మానేసి చాలా కాలమైంది.

"ఆ కాగితాలు అంత పొడిగా ఎలా ఉన్నాయి?" అని దారిలో అడిగాను.

"రోజూ మార్చాలక్కా. తడి లాగేసిన కాగితం తీసేసి పొడిది పెట్టాలి. ఈ మొక్కకి ఒంటినిండా నీరే. ఒక్క రోజు మార్చకపోతే నల్లగా కుళ్ళిపోతుంది. తడి కాగితాలన్నీ ఇంటికి తెచ్చి నాతో ఇస్త్రీ చేయించేది వదిన. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె బట్టలకి ఎప్పుడూ దొరకలేదు." నవ్వబోయి ఆగిపోయింది.

నేను నడక ఆపేశాను. మొక్కని కోసిన రోజే ఆవిడ పోయింది. రెండు రోజులు ముసురు. ఆ రెండు రోజులూ పెట్టె రాతి చూరు కింద ఉంది. పువ్వు రంగు మాత్రం తగ్గలేదు. మరి కాగితాలు ఎవరు మార్చారు?

కింద బండల మధ్య ఆడమనిషి శవం వానలో నానుతుంటే, పైన ఎవరో కూర్చుని, పటకాలు విప్పి, పొడి కాగితాలు పెట్టి, మళ్ళీ బిగించి వెళ్ళారు. ఎన్నో చావులు చూశాను గానీ ఇలాంటిది వినలేదు. ఆ అమ్మాయికి చెప్పలేదు.

కొండ నెత్తి అంతా ఒకే రాతి పలక. చెట్టూ లేదు, నీడా లేదు. ఆ పలక మీద అక్కడక్కడ పళ్ళెమంత గుంటలు ఉన్నాయి. వాన నీళ్ళతో కొట్టుకొచ్చిన మట్టి వాటిలో వేలెడు లోతున పేరుకుంటుందట. ఆ కాస్త మట్టిలో, ఆ ఎండలో, ఆ గాలిలో మాత్రమే అలకపువ్వు మొలుస్తుంది. మంచి నేల ఇచ్చినా బతకదు, నీడ ఇచ్చినా బతకదు.

"ఇక్కడే అక్కా, ఈ గుంటల్లోనే..." అంటూ ముందు నడిచిన అమ్మాయి ఒక గుంట దగ్గర ఆగింది. తరవాత ఇంకో గుంటకి పరుగెత్తింది. ఆ తరవాత ఇంకోదానికి.

అన్నీ ఖాళీ. మట్టితో సహా లేవు. అడుగున నున్నటి రాయి కనబడుతోంది.

ఆ అమ్మాయి రాతి మీద చతికిలబడింది. "ఒక్కటి కూడా లేదక్కా. వదిన ప్రాణం పెట్టింది దీని కోసం. ఒక్కటంటే ఒక్కటి కూడా ఉంచలేదు."

పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుంది. "పోనీలెండి. మాస్టారు ఉన్నారుగా. ఆయన చెప్తారు."

"ఏ మాస్టారు?"

"వదినకి చదువు చెప్పిన ఆయన. రిటైరయ్యారు. ఈ పువ్వు సంగతి వదినకీ ఆయనకీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పోలీసులు పంపేది ఆయనకే కదా, ఇంకెవరున్నారు? ఈ మధ్య ఇద్దరికీ పడలేదనుకోండి. మొక్కల్ని తీసి వేరే చోట నాటొచ్చని ఆయన అంటారు, చోటు మారిస్తే చస్తుందని వదిన అంటుంది. మా మేడ మీద కుండీల్లో పెట్టి చూసింది కూడా. ప్రతిసారీ కుళ్ళిపోయాయి. అయినా పెద్దమనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్తారు." లేచి నిలబడింది. "జైల్లో చూడనిచ్చే వేళవుతోంది. మా ఆయనకి చెప్పి వస్తానక్కా. మాస్టారింటి గేటు దగ్గర కలుస్తాను."

మెట్లు లేని ఆ కొండని మేకపిల్లలా దిగిపోయింది. ఆ ఉత్సాహం చూసి నేనూ ఆపలేదు. ఆపి ఉండాల్సింది.

ఒక్కదాన్నే మిగిలాక గుంటల మీద వంగి చూశాను. క్వారీవాళ్ళు నాశనం చేయాలనుకుంటే యంత్రంతో ఒక్క గీకుడు గీకేవారు. ఇది అలా లేదు. రాతికి అంటుకున్న మట్టి అంచులు చూస్తే, ప్రతి మొక్కనీ చుట్టూ చతురస్రంగా కోసి, వేరు తెగకుండా మట్టి బిళ్ళతో పాటు ఎత్తినట్టు ఉంది. ఇది చంపే చెయ్యి కాదు. పెంచే చెయ్యి.

ఆవిడ పడిపోయిన అంచుకి దగ్గరగా ఒక గుంట ఉంది. మిగతా అన్ని గుంటల్లో కోత అంచులు కత్తితో కోసిన సబ్బులా పదునుగా ఉన్నాయి. అంటే వాన వెలిశాక కోసినవి. ఈ ఒక్క గుంటలో మాత్రం రెండు పక్కల కోత పదునుగా ఉంది, మిగతా రెండు పక్కలా వానకి కరిగి నున్నబడింది. ఇక్కడ తవ్వడం వాన రాకముందే మొదలైంది. సగంలో ఆగిపోయింది. వాన తరవాత వచ్చి పూర్తి చేశారు. ఆ సగం కోత దగ్గర నుంచి రాతి మీద ఇనుము గీరుకున్న గీత ఒకటి అంచుదాకా పోయి, అక్కడ ఆగిపోయింది.

తవ్వుతుంటే ఆవిడ అడ్డుపడింది. తాపీ కోసం ఇద్దరూ పెనుగులాడారు. మొక్కని వేరు తెగకుండా ఎత్తగలిగినవాడు, నొక్కిన పువ్వు నల్లబడుతుంటే చూస్తూ ఊరుకోలేనివాడు, మొక్కల్ని చోటు మార్చొచ్చని నమ్మినవాడు. పువ్వుని నిపుణుడికే పంపమని ఇందాక గొంతు చించుకుని అరిచింది నేనే.

కొండ దిగాను. రోడ్డు పక్క కొట్లో ఫోన్ అందుకున్నాను.

"పెట్టె ఎక్కడుంది?"

"బయలుదేరింది మేడం గారూ. కానిస్టేబుల్ తీసుకెళ్తున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ శాస్త్రంలో ఆయన్ని మించినవాడు లేడన్నారు కాలేజీలో. మీ కోసం ఏరి కోరి పట్టాను."

"ఆపండి. హంతకుడు ఆయనే."

అటుపక్క నిట్టూర్పు వినిపించింది.

"మేడం, పొద్దున నిపుణుడికి పంపకపోతే పేపర్లో వేయిస్తానన్నారు. ఇప్పుడు పంపితే నిపుణుడే హంతకుడంటున్నారు. రేపు జడ్జిగారు కూడా హంతకుడంటారేమో. రుజువుందా?"

"కొండ మీద మట్టి అంచులు..."

"మట్టి అంచులు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

పెట్టె కంటే ముందు నేను చేరాలి. చేరి ఆ ముసలాయన నోటి నుంచి ఒక్క మాటైనా రాబట్టాలి. ఇంకో దారి లేదు.

మాస్టారి ఇల్లు ఊరి చివర ఒంటిగా ఉంది. తలుపు ఆయనే తీశారు. బక్కపల్చని మనిషి, తెల్లటి చొక్కా, గోళ్ళ సందుల్లో మట్టి. గది నిండా ఎండిన మొక్కలు అతికించిన అట్టలు, ఒక సూక్ష్మదర్శిని, ఒక టైపు మిషను. వెనక వరండాలోకి తలుపు తెరిచి ఉంది. అక్కడ వరసగా కుండీలు కనిపించాయి. ఒక్కో కుండీలో నల్లగా, జిగురుగా, ముద్దలా ఏదో ఉంది.

"రండమ్మా, కూర్చోండి. స్టేషన్ నుంచి ఫోన్ చేశారు. పువ్వు పంపిస్తున్నారట" అన్నారు.

"ఆ కుండీల్లో ఏమిటి మాస్టారూ?"

ఆయన దాచలేదు. "అలకపువ్వు. కొండ ఎలాగూ పోతుంది కదమ్మా. పగలగొట్టేలోపు మొక్కల్ని తీసి కాపాడమని క్వారీవాళ్ళే రాసిచ్చారు. అనుమతి కాగితం కావాలంటే చూపిస్తాను."

"బతికాయా?"

ఆయన కుండీల వైపు చూశారు. "లేదు" అన్నారు. "అదే మట్టి పోశాను. అదే రాయి అడుగున పెట్టాను. ఎండలోనే ఉంచాను. ఒకటొకటే కుళ్ళిపోయాయి."

"చోటు మారిస్తే చస్తుందని మీ శిష్యురాలు చెప్పింది కదా."

"చెప్పింది. నేనే వినలేదు." ఆ మాటలో నటన లేదు. ఆయన మీద నాకు జాలి కలిగింది. అది నాకే నచ్చలేదు.

"ఆవిడ పోయిన రోజు మీరు కొండెక్కారా?"

"ఆవిడతో మాటలు లేక చాలా రోజులైంది. వాన వెలిశాక, శవం తీసుకెళ్ళాక, మొక్కల కోసం ఎక్కాను. అంతకుముందు లేదు."

"పెట్టె చూశారా?"

"నేనెక్కేసరికే పోలీసులు పట్టుకెళ్ళారు."

నేను పెద్దగా నిట్టూర్చాను. "పాపం, మీకు వాళ్ళు పంపించేది కూడా దండగే మాస్టారూ. ఇందాక నా ఎదురుగానే విప్పారు. ముసురులో రెండు రోజులు ఉండిపోయిందిగా, బొగ్గులా నల్లబడిపోయింది. రేకులేవో ఆకులేవో కూడా తెలియడం లేదు. మీ శిష్యురాలికి నొక్కడం సరిగ్గా చేతకానట్టుంది."

"నల్లబడటమేమిటి!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "అసంభవం. దాని పనితనానికి వంక పెట్టకండి. రెండు పూటలా కాగితాలు మార్చాక నల్లబడే ప్రశ్నే..."

ఆగిపోయారు.

"ఎవరు మార్చారు మాస్టారూ?" అన్నాను మెల్లగా.

ఆయన మళ్ళీ కూర్చున్నారు. గోళ్ళ సందుల్లో మట్టి వంక చూసుకున్నారు.

"అది అక్కడ తడిసి కుళ్ళిపోతుంటే ఎలా వదిలేస్తానమ్మా?" అన్నారు. "ఇక దొరకని పువ్వు."

"కింద మనిషి పడి ఉంటే వదిలేశారు."

"పడగానే పోయింది. నేను దిగి చూశాను. ఇక చేసేదేమీ లేదు. మొక్కలు చోటు మార్చినా బతుకుతాయని క్వారీకి సంతకం పెట్టి ఇచ్చాను. అబద్ధమని అందరి ముందూ చెప్తానంది. ఒక్కటి తవ్వి బతికించి చూపిస్తానన్నాను. గుంటకి అడ్డంగా కూర్చుంది. తన తాపీ పట్టుకుని వదల్లేదు, లాక్కున్నాను. అంతే. అంతే జరిగింది."

"ఇది ఇన్‌స్పెక్టర్‌తో చెప్పండి. ఒక కుర్రాడు చేయని నేరానికి పోతున్నాడు. మీ శిష్యురాలి తమ్ముడు."

ఆయన చాలా ఓపికగా, వెనక బెంచీ పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఈ పువ్వు ఎప్పుడు విప్పుకుంటుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు ఒక్కణ్ణి మిగిలాను. కొండ మీద మొక్క లేదు, కుండీలో లేదు. నేను ఏం చెప్తే అదే శాస్త్రం. మీతో ఇప్పుడు అన్న మాట నేను అనలేదంటే అనలేదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడే గేటు తీసిన చప్పుడైంది.

కానిస్టేబుల్ రేకు పెట్టెని పసిబిడ్డని మోసినట్టు రెండు చేతులతో పట్టుకొచ్చాడు. మాస్టారు రసీదు మీద సంతకం పెట్టి సీలు తీశారు. పటకాలు విప్పి, కాగితాలు ఒక్కొక్కటీ తీసి, ఆ నీలం పువ్వుని చూశారు. కళ్ళు తడిశాయి. తరవాత లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టారు.

"నీళ్ళెందుకు?" అన్నాను.

"ఎండిన పువ్వుని పరీక్ష చేయాలంటే మరిగే నీళ్ళలో మెత్తబరచాలి. అప్పుడు సూదితో రేకులు విడదీసి లోపల చూడాలి. ఏ కాలేజీలోనైనా ఇదే పద్ధతి" అని కానిస్టేబుల్‌కి వివరించారు. వాడు గౌరవంగా తలూపాడు.

"వద్దు! బాబూ, చెయ్యనివ్వకు, అది పాడైపోతుంది" అని బల్ల మీదికి చెయ్యి చాపాను. కానిస్టేబుల్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మేడం, కేసు సామాను. ముట్టుకోకూడదు."

"నాయనా, ఆయనే చంపాడు. ఇప్పుడే నాతో అన్నాడు."

కానిస్టేబుల్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పువ్వుని కాడ నుంచి చిన్న కత్తెరతో వేరు చేస్తున్నారు. రేకు నలగకుండా చేస్తున్నారు. "మీరు కాస్త బయట కూర్చోండి మేడం" అన్నాడు కానిస్టేబుల్ నాతో, పిచ్చివాళ్ళతో మాట్లాడే మంచితనంతో.

గిన్నెలోంచి ఆవిరి వచ్చింది. పువ్వు నీళ్ళలో ఒక్క క్షణం తేలింది. రంగు నీళ్ళలోకి దిగిపోయింది. మాస్టారు దాన్ని గాజు పలక మీదికి తీసి, సూది పట్టుకుని ఒక రేకు విడదీశారు. తరవాత ఇంకోటి. విప్పుకున్నదో ముడుచుకున్నదో ఇక ఎవరూ చెప్పలేరు. లోకంలో ఆఖరి అలకపువ్వు ఆ గాజు మీద తెల్లటి పీలికలైపోతుంటే, నా చెయ్యి ఇంకా కానిస్టేబుల్ చేతిలోనే ఉంది.

బయటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఎండ పడమటికి వాలింది. గేటు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. నన్ను చూడగానే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చెప్పేశానక్కా మా ఆయనకి! పువ్వు దొరికింది, మాస్టారు రాసిచ్చేస్తారు, రేపు ఇంటికొచ్చేస్తారని చెప్పాను. నమ్మలేదు ముందు. తరవాత ఆ ఊచలు పట్టుకుని ఒకటే ఏడుపు. వచ్చేస్తుంటే నవ్వారక్కా. ఇన్ని రోజులకి నవ్వారు."

తనూ నవ్వుతోంది. ఈ కేసు తీసుకున్నప్పటి నుంచి ఆ ముఖం ముడుచుకుని ఉండగానే చూశాను. ఇలా విప్పుకుంటే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. వదిన అన్న మాట నిజమే.

"ఏం రాశారక్కా మాస్టారు?" అని అడిగింది.

లోపల టైపు మిషను చప్పుడు మొదలైంది.